చివరిదాకా మిగిలితే నా జట్టుకే

నా బిడ్డ నా మాట వినడం మానేసి, బ్యాంకులో పనిచేసే ఒక రాజమండ్రి ఆయన మాట వినడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఆ మనిషి పొడ గిట్టదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. మంచివాడు కావడమే నా ప్రాణానికొచ్చింది.

ఈ ఎడారి దేశంలో మేముండే ఘుబ్రాలో ఆయనతో కలిపి నలుగురం తండ్రులం శుక్రవారాలు పిల్లలకు హాకీ నేర్పుతాం. నేను నిజామాబాద్‌లో కాలేజీ రోజుల్లో ఆడాను, ఇక్కడ ఒక కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌ని. నా బిడ్డకు స్టిక్ పట్టుకోవడం నేర్పింది నేను. హమ్రియా బజారులో పాత స్టిక్ కొని, దాని ఎత్తుకు సరిపడా పైన కోసి, టేపు చుట్టి ఇచ్చిందీ నేనే. "నడుం వంచు" అని ఏడాదంతా మొత్తుకున్నా వంచలేదు. ఆయన ఒక్కసారి "కొంచెం వంగమ్మా" అన్నాడు, వంగింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

"ఆయననేమన్న అంటవెందుకు? నీదంత కడుపుమంట," అంది నా భార్య.

"మంటనే. ఉంటే ఏంది?" అన్నాను.

చలికాలం పోటీలకు ముందు పిల్లల్ని నాలుగు జట్లకు పంచుకుంటాం. రెండు శుక్రవారాలు వాళ్ళను ఆడించి చూస్తాం. మూడో వారం మేం నలుగురం వంతులవారీగా ఒక్కొక్కరిని పిలుచుకుంటాం. కన్నబిడ్డను తండ్రి పిలవకూడదన్నది మా నియమం. ఎవరూ పిలవకుండా చివరిదాకా మిగిలితేనే ఆ బిడ్డ తండ్రి జట్టుకు వస్తుంది. నా బిడ్డను ఎలాగైనా చివరిదాకా మిగల్చాలని నేను తీర్మానించుకున్నాను.

బంతి స్టిక్ దగ్గరున్నప్పుడు అందరు పిల్లలూ బాగానే కనిపిస్తారు. బంతి ఇచ్చేశాక ఏం చేస్తారో చూడాలి. చాలామంది ఇచ్చి నిలబడిపోతారు. నా బిడ్డ ఇచ్చి, ఎవరూ లేని చోటికి పరుగెత్తుతుంది. నా ఛాతీ పొంగుతూనే ఉంది, నోరు మాత్రం గీత పక్కన నిలబడ్డ మిగతా తండ్రులకు వేరే చెబుతోంది.

"మా దానికి ఎడమ దిక్కు వచ్చిన బంతి ఆగదు. ఎండ పడదు. రెండు ఉరుకులు ఉరికితే కూసుంటది."

ఇద్దరు నమ్మి తల ఊపారు. రాజమండ్రి ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకు నా ఒళ్ళు మండింది.

మూడో శుక్రవారం పిల్లల్ని మా ఎదురుగా గడ్డి మీద కూర్చోబెట్టాం. చీటీల్లో మొదటి వంతు ఆయనకే పడింది. ఇంకెవరి వైపూ చూడకుండా నా బిడ్డను పిలిచాడు. అది ఎగిరి లేచి, నన్ను దాటుకుని ఆయన దగ్గరికి పరుగెత్తింది. నా వంతు వచ్చినప్పుడు ఎవరిని పిలిచానో కూడా నాకు సరిగా గుర్తులేదు.

అంతా అయ్యాక మంచినీళ్ళ కూలర్ దగ్గర ఆయన్ను నిలదీశాను.

"దానికి ఏం రాదని చెప్పిన గద. మళ్ల దాన్నే ఎందుకు తీస్కున్నరు?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మీ పిల్లని మీ దగ్గరే ఉంచుకుందామని చూస్తున్నారని నాకు తెలుసండి. పోనీలే, వదిలేద్దామనే అనుకున్నాను. కానీ పక్కనున్న పిల్లలందరూ ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతుంటే, తననెవరూ పిలవక చివరిదాకా ఒక్కతే కూర్చోవాలి కదండీ. నాకు మనసొప్పలేదు."

అన్ని రోజులు ఎత్తులు వేశాను గానీ, ఆ గడ్డి మీద ఒంటరిగా మిగిలిన నా బిడ్డ ముఖం ఎలా ఉంటుందో ఒక్కసారీ ఊహించుకోలేదు. ఆయన ఊహించుకున్నాడు. బిడ్డ ఆయన జట్టుకు పోతే పోయింది, తండ్రికి తట్టాల్సింది కూడా ఆయనకే తట్టిందే అని నాకు ఇంకా మండింది.