ఇంజను ఆపి కొలిచిన నూనె

ఆ రోజుల్లో మద్రాసు సౌకార్‌పేటలో ఒకింట్లో కారుందంటే ఇంటికంతా గొప్ప, వీధికంతా పేచీ. మా కారు గొప్పని ఇప్పటికీ ఏ పెళ్ళిలో నలుగురు చేరినా మా చిన్నాయన కొడుకు ఎత్తుకుంటాడు. పెదనాయన బానెట్టు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "నూనె తక్కువైందిరా దీనికి" అన్నాడట, అంతటితో రోగం కుదిరిందట. ఈ కథని నేను మొదట్లో లేచి నిలబడి ఖండించేదాన్ని. తర్వాత కూర్చునే ఖండించాను. మొన్నటి పెళ్ళిలో పాయసం తింటూ తల అడ్డంగా ఊపి ఊరుకున్నాను. ఓపిక అయిపోయింది. అందుకే ఒక్కసారి రాసిపెడితే, ఇకమీదట నా బదులు ఈ కాయితమే పోట్లాడుతుంది.

మా పెదనాయనది నూనెల టోకు వ్యాపారం. కింద కొట్టు, పైన మేమంతా. ఓడెక్కి తన దేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆయన ఆ కారు కొన్నాడు. పడవంత కారు, దానికి క్లచ్చి లేదు. స్టీరింగు పక్కన చిన్న గేరు కడ్డీ, దాన్ని ఒక అక్షరం దగ్గర పెడితే చాలు, గేర్లు వాటంతటవే మారతాయి. వ్యాసర్పాడి నుంచి వచ్చే మా డ్రైవరు అంతకుముందు లారీలు తోలినవాడు. లేని క్లచ్చిని ఎడమకాలితో తొక్కుతూనే ఉండేవాడు గనక ఇంట్లో అందరికీ క్లచ్చన్న. (ప్రతి ఆదివారం చర్చికి పోయి కంటికి కనపడనివాణ్ణి నమ్మే మనిషే, కనపడని గేర్లని మాత్రం నమ్మలేకపోయాడు.)

నాలుగో నెలలో కారుకి జబ్బు చేసింది. ఆ కడ్డీ కిందికి లాగితే ఇంజను గర్జించేది, బండి మాత్రం కదిలేది కాదు. లోపల కూర్చున్నవాళ్ళు ఒక అప్పడం నమిలేంతసేపు ఆగి, ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఎగిరి దూకేది. పెద్దమ్మ దిష్టి అంది, నిమ్మకాయలు తొక్కించింది. చిన్నాయన పెట్రోలు కల్తీ అన్నాడు. పిలిపించిన మెకానిక్కు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, గేర్ల పెట్టె విప్పమంటే విప్పుతాను గానీ మళ్ళీ బిగిస్తానని మాటివ్వలేనన్నాడు. (ఆ వారమంతటిలో నేను విన్న నిజాయితీ మాట అదొక్కటే.)

ఆ పెట్టెలో నూనె సంగతి ఎవరూ చూడలేదనుకోకండి. పెదనాయన రోజూ పొద్దున్నే చూసేవాడు. కాకపోతే నూనె వర్తకుడు చూసినట్టు చూసేవాడు. దొర్లించి తెచ్చిన పీపాలో నూనె తేరుకునేదాకా కొలకర్ర ముంచకూడదనేది మా కొట్టులో కట్టుబాటు. అదే మర్యాద కారుకీ జరిగేది. ఇంజను ఆపించి, తాంబూలం వేసుకుని, అది నమిలి ఉమ్మేసేదాకా ఆగి, అప్పుడు నూనె కొలిచే పుల్ల ముంచేవాడు. గీతదాకా తడి. "నూనెకేం కొదవ లేదు" అని తీర్పు చెప్పి కొట్లోకి పోయేవాడు. ఆయన కొలతని కాదనేవాడు ఆ బజారులోనే లేడు, ఇక ఇంట్లో ఎవరుంటారు?

నేనున్నాను. ఆ ఎండాకాలమే ఇంటరు పాసయ్యాను, బి.ఎస్సి.లో చేరతానని ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేస్తున్నాను. పెద్దమ్మ, చిన్నాయన కలిసి నెల్లూరు సంబంధం ఒకటి ముందుకు తోస్తున్నారు. పెదనాయన అవుననీ కాదనీ తేల్చడంలేదు. ఆ చికాకులో, కారు అరలో దొర వదిలిపోయిన పుస్తకం తీసి మొదటినుంచీ చదివాను. ఇంజను బాగా వేడెక్కాక, అది తిరుగుతుండగానే పుల్ల ముంచాలని అందులో స్పష్టంగా ఉంది. ఆపేస్తే పైకెక్కిన నూనె అంతా కిందికి దిగి, లేనిది ఉన్నట్టు కనపడుతుంది. ఆ మాటే అందరి ముందూ చెప్పాను.

పెదనాయన తాంబూలం పక్క బుగ్గకి తోసి, "అల్లాడతా ఉండే నూనెలో కర్ర పెట్టి కొలిచేవాడు ఈ వీధిలో ఎవుడన్నా ఉండాడా?" అన్నాడు.

"క్లచ్చి లేని కారు మాత్రం ఈ వీధిలో ఇంకెవురికుంది పెదనాయనా?" అన్నాను.

దీన్ని ఇంటరుదాకా చదివించిందే తప్పని చిన్నాయన గొణిగాడు. పెదనాయన బయటికి పోయి తాంబూలం ఉమ్మి వచ్చాడు.

"సరి. పుల్ల నీ మాట చెప్తే నువ్వు కాలేజీకి పో. నా మాట చెప్తే నెల్లూరోళ్ళకి జాబు రాసేస్తా, మళ్ళా నోరెత్తకూడదు. అందరూ విన్నారు కదా?" అన్నాడు. పెద్దమ్మ, చిన్నాయనల వైపు తిరిగి, "విన్నారా లేదా?" అని మళ్ళీ అడిగాడు.

క్లచ్చన్న ఎక్కి కూర్చుని, కుడికాలు బ్రేకు మీదా, ఎడమకాలు తన పాత లారీ క్లచ్చి మీదా పెట్టి ఇంజను తిప్పాడు. అది వేడెక్కేదాకా వీధంతా మూగింది, తోపుడుబళ్ళవాళ్ళతో సహా. నేను పుల్ల లాగి, ఓణీ కొంగుతో తుడిచి, ముంచి తీశాను. గీత దరిదాపుల్లో కూడా తడి లేదు. చిట్టచివర ఒక బొట్టు, అంతే. నెల్లూరు నాకు బెత్తెడు దూరంలోంచి వెళ్ళిపోయింది. పెదనాయన పుల్ల అందుకుని, ఆ బొట్టుని వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, కొట్లోకి పోయాడు.

"ముదలాళీ, ఈడ సీలు పోయింది, బొట్టుబొట్టుగా కారతా ఉంది" అని క్లచ్చన్న కారు కిందనుంచి తన యజమానికి కేకేశాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు కనపడలేదంటారా? మా గుమ్మం ముందు పీపాల నూనె కారని రోజు ఎప్పుడుంది గనక! సీలు మార్చి, నూనె పోస్తే కారు మెత్తగా కదిలింది. నేను కాలేజీలో చేరాను. సాయంత్రానికల్లా పెదనాయన వీధిలో ముగ్గురికి, తానే కనిపెట్టినట్టు చెప్పేశాడు. అదిగో, ఆ పెళ్ళికథ పుట్టింది అక్కడే.

ఇది రాయడానికి ఆధారం కావాలని నిన్న ట్రంకులోంచి ఆ పుస్తకం తీశాను. సరిగ్గా ఆ పేజీ అంచున ఒక నూనె బొటనవేలి ముద్ర ఉంది, మధ్యలో అడ్డంగా చిన్న గీతతో. నూనె డబ్బా రేకు తెగి పెదనాయన బొటనవేలికి పడిన గాటు అది. ఇంగ్లీషులో ఆయన రైలు రసీదులు తప్ప చదవలేడనుకునేదాన్ని. నేను చదివిన రోజున ఆ ముద్ర ఉందో లేదో గుర్తు లేదు. పద్దెనిమిదేళ్ళ ఆ పిల్లకి అచ్చక్షరాలూ, తన నోరూ తప్ప ఇంకేమీ కనపడేవి కావు, పిచ్చిది. ముద్ర తర్వాత పడిందైతే గెలుపు నాదే. ముందు పడిందైతే చిన్నాయన కొడుకు కథలో కొంత నిజముందని ఒప్పుకోవాలి, ఈ వయసులో అది నావల్ల కాదు. చెప్పడానికి ఆయన లేడు, క్లచ్చన్నా లేడు. అయినా అడుగుతున్నాను పెదనాయనా, ఆ పేజీ నువ్వు చదివింది పందెం కాయక ముందా, తర్వాతా?