ఆయన గేరు, నా క్లచ్

నిన్న పొద్దున కాలేజీకి బయల్దేరుతుంటే మేరీ పిన్ని ఫోన్.

"మీ బాబాయి ఇక లేరమ్మా. నిద్దట్లోనే పోయేరు."

కారు తాళాల కోసం ఇల్లంతా వెతికాను. అవి నా చేతిలోనే ఉన్నాయి.

శనివారం కూడా ఫోన్ చేసి, "గేర్ ఆయిల్ మార్పించేవా?" అని అడిగిన మనిషి. మార్పించకుండానే "ఆయ్, మార్పించానండీ" అనేశాను. ఆయనకి తెలిసిపోయే ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం: దానియేలు బాబాయి గారు మా నాన్నగారి స్నేహితుడు. కొత్తపేటలో నలభై ఏళ్ళు కార్ల రిపేరు షెడ్డు నడిపారు. నాన్నగారు పోయాక, నేను ఏ నిర్ణయమైనా ముందు ఆయన చెవిన వేసేదాన్ని.

నా సంగతి మీకు తెలుసు. చీర కొని ఇంటికి తెచ్చాక కూడా రెండో రంగు బావుండేదేమో అనుకునే రకం.

అలాంటి నాకు రెండేళ్ళ క్రితం ఒక పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడింది. రెండే సీట్లు, ఎరుపు రంగు, ఇరవై ఏళ్ళు దాటిన బండి. ఒకే మోడల్‌వి రెండు దొరికాయి. రాజమండ్రిలో ఉన్నది ఆటోమేటిక్. రామచంద్రపురంలో ఉన్నది మాన్యువల్.

మా ఆయన ఆటోమేటిక్ అన్నారు. తమ్ముడూ అదే అన్నాడు. "నలభై దాటాక ఎడమ మోకాలికి ఆ శిక్ష ఎందుకక్కా?"

బాబాయి గారు రెండూ నడిపి చూశారు.

"కొత్త బండైతే ఆటోమేటిక్కే తీసుకోమందును. ఇంత పాతదానికి ఆ గేర్‌బాక్స్ పాడైతే నేను మూత తీసి చూసి, మళ్ళీ మూసేయడమే. విడి భాగాలు దొరకవు. మాన్యువలైతే విప్పుతాను, బాగుచేస్తాను. కానీ తోలేది నువ్వు. ముందు పంటెక్కించి చూడు."

రామచంద్రపురం వాళ్ళని అడిగి కారు ఒక పూట తెచ్చుకుని సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాం. గోదావరి దాటించే పంటు మీదకి కారు ఎక్కించాలంటే ఏటవాలు రేకు మీద హాఫ్ క్లచ్‌లో ఆపి, మెల్లగా వదలాలి.

మూడుసార్లు ఇంజిన్ ఆగిపోయింది.

వెనక స్కూటర్ మీద చేపల బుట్టతో ఉన్న ఒకాయన అన్నాడు: "మేడంగారూ, కారు పంటెక్కుద్దాండీ, లేకపోతే పంటునే కారెక్కించమంటారాండీ?"

రేవంతా నవ్వు. నేను దిగిపోయి తాళం బాబాయి గారికి ఇచ్చేద్దామనుకున్నాను.

ఆయన పక్క సీట్లోంచి కదల్లేదు. అద్దం దించి, "ఎక్కుద్దిలే అబ్బాయ్. నీ బుట్టలో చేపలకి తొందరేం లేదు కదా!" అన్నారు.

నాలుగోసారి ఎక్కింది.

అవతలి ఒడ్డు చేరేలోపే మాన్యువల్ అని చెప్పేశాను. మళ్ళీ ఎవర్నీ అడగలేదు. నా జీవితంలో అదో రికార్డు.

కారు కొన్న నాలుగు నెలలకి ఆయనకి ఎడమవైపు పక్షవాతం వచ్చింది. చెయ్యి తిరిగి వచ్చింది. కాలు రాలేదు.

క్లచ్ తొక్కే కాలు.

పన్నెండో ఏట నుంచి బండ్ల మధ్య బతికిన మనిషి వరండాలో కూర్చుని, రోడ్డు మీద వెళ్ళే బళ్ళ చప్పుడుకి గేర్లు లెక్కపెట్టుకోవడం చూశాను. ఆ రాజమండ్రి ఆటోమేటిక్కే కొనుంటే, దానికి కుడికాలు ఒక్కటీ చాలు కాబట్టి ఆయనే నడిపేవారు. ఈ మాట నన్ను తినేసింది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆయన్ని కార్లో కూర్చోబెట్టుకుని పలివెల వైపు కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళాను. "ఇది సీటు కాదే, పీట" అని గొణుగుతూనే ఎక్కారు.

గట్టు ఖాళీగా ఉంది. నేను రెండో గేర్లోనే లాగిస్తున్నాను. ఇంజిన్ అరుస్తోంది. ఆయన కుడిచెయ్యి వచ్చి, నా చెయ్యి తీసి పక్కన పెట్టి, గేర్ రాడ్ పట్టుకుంది.

"నువ్వు తొక్కు. నేనేస్తాను."

తొక్కాను. మూడో గేరు వెన్నలో కత్తిలా దిగింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. ఆయన ఇంజిన్ వినేవారు. "ఊఁ" అనేవారు. నేను తొక్కేదాన్ని, ఆయన వేసేవారు. ఒక కారు, ఇద్దరు డ్రైవర్లు.

పిన్ని గుమ్మంలోంచి కేకలేసేది. "ఇద్దరు కలిసి ఒక్క కారు తోలడమేంటండీ, చోద్యం కాకపోతే!"

"మనిద్దరం కలిసి సంసారం తోల్లేదేంటే?"

ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. "ఆటోమేటిక్ కొనుంటే మీరే నడిపేవారు కదండీ బాబాయ్ గారూ. తప్పు చేశానా?"

ఆయన గట్టు మీంచి చూపు తిప్పలేదు.

"అదైతే నేనొక్కణ్ణే తోలుకునేవాణ్ణి. నువ్వు పక్కన కూర్చుని ఫోన్ చూసుకునేదానివి. ఊఁ, తొక్కు."

అప్పుడు నమ్మాననుకున్నాను. మళ్ళీ ఇంటికొచ్చి సందేహపడ్డాను. నన్ను ఊరడించడానికి అన్నారేమో అని.

ఈ మధ్యాహ్నం సమాధుల తోటలో ఆయన మీద ఒక పిడికెడు మట్టి వేసి, కాలవ గట్టు మీదుగానే వెనక్కి వచ్చాను. పక్క సీటు ఖాళీ.

రెండో గేర్లో ఇంజిన్ గొంతు మారింది. క్లచ్ తొక్కాను. చెయ్యి మాత్రం స్టీరింగ్ మీదే ఉండిపోయింది. అలవాటు.

అర క్షణం ఆగి, నేనే వేశాను.

చప్పుడు లేకుండా పడింది.

అరవై ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదంతా ఆ ఒక్క గేర్లో తెలిసింది. నేను కొన్నది సరైన బండే. ఇందులో ఇక నాకు డౌట్ లేదు.

బాబాయ్ గారూ, గేర్ ఆయిల్ రేపు పొద్దున్నే మార్పిస్తాను. ఈసారి నిజంగానే.

ఆ ఎడమకాలు మళ్ళీ క్లచ్ తొక్కే చోట హాయిగా ఉండండి.