అక్కడి పుస్తకం, ఇక్కడి మిషన్

జనగామలోని మా కంప్యూటర్ సెంటరులో రేషన్ కార్డుల ఫైలు పోయిన రోజు, మా దగ్గరున్న పుస్తకం వేరే మిషన్‌దని నేను చెప్పలేదు. చెప్పి ఉంటే నాతో పనిచేసే అక్క ఉద్యోగం పోయేది కాదు.

ఎనభైల చివరి సంగతి. ఒక సేటు తన బట్టల దుకాణం పైన యూనిక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్ మిషన్ పెట్టించాడు. దానితో వాడే తీరు చెప్పే పుస్తకం రాలేదు. నేను పని నేర్చుకున్నది మహబూబాబాద్‌లో. అక్కడి పుస్తకాన్ని జిరాక్సు తీయించుకొచ్చి, ఇదే మన పుస్తకం అన్నాను. రెండూ యూనిక్సే. కానీ మనం కొట్టే ఆజ్ఞలను చదివి పని చేయించే షెల్ అనే ప్రోగ్రాము మాత్రం ఒకటి కాదు. అక్కడ సీ షెల్, ఇక్కడ బోర్న్ షెల్. పుస్తకంలో ఆజ్ఞల ముందు శాతం గుర్తు ఉండేది, మా తెర మీద డాలరు గుర్తు. మొదటి వారమే గమనించాను. తేడా ఎంతుంటుందిలే అనుకున్నాను.

అక్క రఘునాథపల్లి నుంచి రైల్లో వచ్చేది. ఆడపిల్లకు మిషన్ల పనేమిటని ఊళ్లో అన్నా వాళ్ల నాయిన పంపించాడు. కార్డుల వివరాలన్నీ నెలల తరబడి ఆమే టైపు చేసింది. ఒక మధ్యాహ్నం కార్డుల్లోని పేర్లను వరుసలో పెట్టి కొత్త ఫైలు చేయబోతూ అడిగింది.

"పొరపాటున పాత ఫైలు పేరే కొడితే ఎట్ల తమ్మీ? ఉన్నదంత పోతదా?"

"పోదక్కా. ముందుగాల సెట్ నోక్లాబర్ అని కొట్టు. ఇగ పాత ఫైలు మీద రాయనియ్యదు."

కొట్టింది. మిషన్ ఏమీ అనలేదు.

"నీ కన్న నయ్యం తమ్మీ, ఎదురు మాట్లాడదు."

సీ షెల్‌లో ఆ మాట ఫైలుకు కాపలా. బోర్న్ షెల్‌లో దానితో ఏ రక్షణా లేదు, లేదని చెప్పను కూడా చెప్పదు. కాపలా ఉందన్న ధీమాలో ఆమె చెయ్యి పాత ఫైలు పేరే కొట్టింది. అందులోని పేర్లు చదవకముందే, కొత్తగా రాయడానికని మిషన్ దాన్ని తుడిచేసింది; ఫైలు ఖాళీ అయింది. వేరే నకలు మేము తీసిపెట్టుకోలేదు. తెర మీది డాలరు గుర్తు చూస్తూ జరిగింది అర్థం చేసుకున్నాను.

సేటు అక్కతో పుస్తకం తెరిపించాడు. "చదువు, ఏం రాసిండ్రు?"

"ఆ ఆజ్ఞ ఇస్తే పాత ఫైలు పోదని."

"మరెట్ల పోయిందమ్మా? నువ్వు కొట్టనే లేదు."

"కొట్టిన. తమ్మి చూసిండు," అంది అక్క.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను జిరాక్సు కాగితాలు సర్దుతూ ఉండిపోయాను. మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు.

చాలా ఏళ్ల తర్వాత, పెళ్లయి పెద్దవంగరలో ఉందని తెలిసి వెళ్లాను. అంతా చెప్పాను.

"గీ షెల్లు ముచ్చట గిప్పుడు నాకెందుకు? మా నాయిన పొయ్యేదాక నేనే చెడగొట్టిననుకున్నడు. ఆయన ఉన్ననాడు ఒక్క మాట చెప్పకపోతివి."

ఆయనకు చెప్పే దారి ఇక లేదు.

"అక్కా, నేను చెప్పినట్టే నువ్వు కొట్టినవ్. పుస్తకం మనది కాదని తెలిసి కూడ ఊకున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."