తప్పు పడిన పూట

మా వైపు మనిషిని తిట్టినా అండీ తగిలించే తిడతారు. "ఏవండీ పంతులమ్మగారూ, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చారాండీ?" అని ఏలూరులో ఒక ఆదివారం పొద్దున్నే ఒకావిడ నన్ను నలుగురిలో అడిగింది. ఆవిడ కూతురు బంతిని చంకలో ఇరికించుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగు తీసింది. బాస్కెట్ బాల్లో బంతిని నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళాలి. చంకలో పెట్టుకుని పారిపోవడానికి అదేమన్నా పుచ్చకాయా? ఈల వేసి ఆపాను. ఆవిడకి ఒళ్ళు మండింది. నాకూ మండింది. కానీ ఈల నోట్లో ఉన్న మనిషి తిరిగి తిట్టకూడదు. రిఫరీ పనిలో నాకు బొత్తిగా పడని నియమం అదే.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. నేను తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచర్ని. మద్రాసులో ట్రెయినింగయి వచ్చాను. ఈ ఆట రూల్సు చదువుకున్న ఆడమనిషి ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే కావడంతో, ఏలూరులో మహిళా సమాజం వాళ్ళు ఆదివారం ఆటలు పెట్టినప్పుడల్లా నాకు కబురొచ్చేది. కప్పులూ లేవు, పోటీలూ కావు. హాస్టలు పిల్లలూ ఊళ్ళో పిల్లలూ ఓణీలు నడుముకి బిగించి సరదాకి ఆడుకునేవాళ్ళు. పిల్లలకి సరదాయే. తల్లులకే ప్రాణం మీదికి వచ్చేది.

పెంటపాడులో మా అన్నయ్య ఉన్నాడు, వ్యవసాయం. గూడేనికి కూతవేటు దూరం. అయినా నేను వెళ్ళడం మానేశాను. మన ఇంటి ఆడపిల్ల బజార్లో నిలబడి ఈల వేస్తోందట, నేను తలెక్కడ పెట్టుకోను అని వాడు నా ఎదురుగానే అన్నాడు. నీ తల నీ ఇష్టం వచ్చిన చోట పెట్టుకో అని నేనూ అన్నాను. అక్కడితో సరి. పెళ్ళి లేదు, అమ్మా నాన్నా అప్పటికే లేరు. గూడెంలో ఒక అద్దె గది, ఒక కిరసనాయిలు స్టవ్వు, మేకుకి వేలాడే ఈల. అదీ నా సంసారం.

ఆట అయ్యాక చూడాలి అసలు తమాషా. ఇటు జట్టు తల్లులు ఇటు పిల్లలకీ, అటు జట్టు తల్లులు అటు పిల్లలకీ ఉప్మా పెట్టుకునేవాళ్ళు. నాకు ఎవరూ పెట్టరు. పెడితే ఎదుటివాళ్ళు ఊరుకోరు, ఆవిడకి ఉప్మా పెట్టి గెలిచారంటారు. మొదట్లో ఒకసారి ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగినందుకు ఆ మాట పడ్డాను కూడా. అప్పట్నుంచి మంచినీళ్ళు సైతం ముట్టేదాన్ని కాదు. స్టేషనుకి నడిచి వెళ్ళి, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద క్యారియరు విప్పుకుని పెరుగన్నం తినేదాన్ని. ఇంతసేపూ నా పేరే జపించిన జనంలో ఒక్కరూ నేను తిన్నానో లేదో అడగలేదే అని గుండె బరువెక్కేది. అడిగితే తిననని నాకు తెలుసు. అయినా అడగాలి కదండీ.

ఇక తప్పు అనే మాట సంగతి. ఒకరి మీద ఒకరు పడ్డా, తోసినా, చెయ్యి పట్టి లాగినా ఫౌల్. నేను అలాగే అరిచేదాన్ని. ఒక ముసలావిడ నన్ను పక్కకి పిలిచి, మాటిమాటికీ పౌలు, పౌలు అంటున్నారు, మా పిల్లల్ని కిరస్తానంలో కలిపేస్తున్నారా ఏమిటండీ అని అడిగింది. కాదండీ బాబూ, ఫౌల్ అంటే తప్పు అని చెప్పాను. అయితే ఆ ముక్కేదో తెలుగులోనే అనొచ్చు కదా అంది. సమాజం వాళ్ళూ ఆవిడకే వంత పాడారు. ఆ ఆదివారం నుంచీ ఈల వేసి "తప్పు" అనేదాన్ని. తప్పు చేసిన పిల్ల తనే చెయ్యి పైకెత్తి ఒప్పుకోవాలి. అప్పటి రూలు అది. ఐదు తప్పులు పడితే ఇక ఆ పిల్ల ఆటలోంచి బయటికి.

హాస్టలు జట్టులో కొల్లేటి పిల్ల ఒకత్తి ఉండేది. చేపలు పట్టుకుని బతికే కుటుంబం. కొల్లేటి మధ్య ఒక దిబ్బ మీద వాళ్ళ ఊరు, అక్కణ్ణుంచి హైస్కూలుకి వచ్చిన మొదటి ఆడపిల్ల. పొడుగ్గా, చువ్వలా ఉండేది. దోనెలు తోసీ, వలలు లాగీ వచ్చిన బలమేమో, బంతి కోసం దూకిందంటే పక్కనున్నవాళ్ళు చెల్లాచెదురయ్యేవాళ్ళు. మోచేతులు అదుపులో ఉండేవి కావు. కోపం మాత్రం లేదు. పడగొట్టిన పిల్లని తనే లేవదీసి, దుమ్ము దులిపి, మళ్ళీ పడగొట్టేది.

ఒక ఆదివారం వాళ్ళమ్మ ఆట చూడ్డానికి వచ్చింది. కూతురి ఆట చూడ్డం ఆవిడకదే మొదలు. జనానికి దూరంగా, గడ్డిలో, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు పిల్లకి హుషారెక్కువైంది. నేను ఈల వేసి, వేలు చూపించి, ఊరంతా వినపడేలా "తప్పు" అన్నాను. పిల్ల చెయ్యెత్తింది. కాసేపటికి మళ్ళీ తప్పు, మళ్ళీ చెయ్యి. ఐదోది పడగానే బయటికి వెళ్ళమన్నాను. అప్పుడు వాళ్ళమ్మ లేచి వచ్చి పిల్ల మణికట్టు పట్టుకుంది. నా వంక ఒక్కసారి చూసింది. అలాగే తీసుకుపోయింది. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు. రైలు టైమయిందని వెళ్ళిపోయాను.

మరుసటి ఆదివారం పిల్ల లేదు. హాస్టలు వార్డెన్‌ని అడిగితే, ట్రంకు పెట్టెతో సహా తీసుకుపోయారండీ, ఇక చదువు మాన్పించేస్తారట అని చెప్పింది. ఎందుకని అడిగాను. ఆవిడది కొల్లేటి గట్టున ఊరే, తనకి తెలుసు. ఆ దిబ్బల మీది ఊళ్ళల్లో తప్పంటే అంత చిన్న మాట కాదట. పెద్దలు కూర్చుని, విచారించి, మనిషి మీద వేసేది తప్పు. అది తీరేదాకా ఆ ఇంటివాళ్ళతో ఎవరూ కలిసి అన్నం తినరు. అలాంటిది పట్నంలో, ఇంతమందిలో, ఒక్క పూటలో ఐదు తప్పులు వేశారు పిల్ల మీద. తల్లి ఊరికి పోయి ఏ మొహంతో చెబుతుంది?

నాకు తల కొట్టేసినట్టయింది. తరవాత కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. మంచి పిల్ల, చదువుకునే పిల్ల. నా నోటి మాటకి వలలు అల్లుకుంటూ ఉండిపోతే ఎలా? ఎలాగైనా వెనక్కి తీసుకురావాలని ఆ పై ఆదివారం ఆటకి రానని కబురు పంపి, జట్కాలో గట్టు దాకా వెళ్ళి, అక్కడ దోనె ఎక్కాను. తామరాకుల మధ్య నుంచి పోతుంటే దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను.

దిబ్బ మీద రామాలయం అరుగున ఊరి పెద్దలు ఐదుగురు కూర్చున్నారు. పిల్ల తల్లి వెనకాల నిలబడి ఉంది, తల ఎత్తలేదు. తల్లి పక్కన నాయనమ్మ. నేను నిలబడే చెప్పుకొచ్చాను. ఇది ఆటండీ, ఆ తప్పు వేరు ఈ తప్పు వేరండీ, ఆట అయిపోగానే ఆ తప్పూ అయిపోతుందండీ అన్నాను. వాళ్ళు మర్యాదగా విన్నారు, నమ్మలేదు. ఒకాయన, మేం ఒక మనిషి మీద జన్మకి ఒక తప్పు వేయడానికే తెల్లారేదాకా ఆలోచిస్తామండీ, మీరు అన్నం ఉడికే లోపల ఐదు వేశారు అన్నాడు. నాకు విసుగొచ్చి గొంతు లేచింది. రూల్సు అలా ఉన్నాయండీ, నేను రాయలేదండీ అన్నాను.

అప్పుడు అందరిలోకీ పెద్దాయన మెల్లిగా అడిగాడు.

"మీతో కూర్చుని తప్పు వేసిన మిగతా పెద్దలెవరండీ?"

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

ఆయన మిగతావాళ్ళ వంక చూశాడు. ఇంతసేపూ నా మీద ఉన్న కోపం వాళ్ళ మొహాల్లోంచి పోయింది. దాని చోట జాలి వచ్చింది. అది నాకు కోపం కంటే కష్టంగా ఉంది.

"అంత పని ఒక్కరి మీదే పెట్టారా తల్లీ? పక్కన మాట్లాడే మనిషే లేదా నీకు?" అంది నాయనమ్మ.

కూడబలుక్కున్నవన్నీ ఎటో పోయాయి. నాకెవ్వరూ లేరని అంతకు ముందు నాకు తెలియదా? తెలుసు. కానీ ఎవరూ అలా మొహం మీద, అంత ప్రేమగా అడగలేదు.

పెద్దాయన నన్ను కూర్చోమన్నాడు. మళ్ళీ ఒక ప్రశ్న వేశాడు. "తప్పు వేశాక పిల్లతో కలిసి అన్నం తిన్నారాండీ?"

లేదన్నాను. నేను ఎవరితోనూ తిననండీ, రిఫరీ తినకూడదండీ అన్నాను.

"అదండీ సంగతి. వేసిన తప్పు అన్నం దగ్గర తీరిపోవాలి. వేసినవాళ్ళూ, పడినవాళ్ళూ ఆ పూట ఒక పంక్తిలో కూర్చోవాలి. మీరు తీర్చకుండా రైలెక్కేశారు. అందుకని అది ఈ పిల్లతో కూడా మా ఊరొచ్చింది."

తామరాకులు పరిచారు. నన్నూ పిల్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి కొర్రమీను పులుసు వడ్డించారు. ఎన్నాళ్ళయిందో నా ఆకులో ఇంకొకరు అన్నం పెట్టి. కారానికి కళ్ళనీళ్ళొచ్చాయనుకున్నారు వాళ్ళు. అలాగే అనుకోనిచ్చాను. తిన్నాక పిల్లని నాతో పంపించారు, ఒక్క షరతు మీద. పిల్ల మీద ఎప్పుడు తప్పు వేస్తే అప్పుడు, ఆ పూట, దానితో కలిసి తినాలి. సరేనన్నాను.

ఆ పిల్ల తప్పులకేం కొదవ? తరవాతి ఆదివారమే వరసగా పడ్డాయి. ఆట కాగానే హాస్టలు గిన్నె తెచ్చుకుని, చేతులు కడుక్కుని, మేం ఆటలాడే బడి వరండాలో నా పక్కన చతికిలబడింది. పెద్దలు చెప్పారు కదండీ అంది. తల్లులు గుసగుసలాడారు. ఆ పిల్లకే అందరికంటే ఎక్కువ తప్పులు వేస్తున్నానయ్యె, ఇక ఏమని అంటారు? మీ అమ్మాయి మీద వేసినప్పుడు మీ అమ్మాయినీ పంపండి, కలిసి తింటాం అన్నాను. ఎవరూ పంపలేదు.

హాస్టలు చారు నీళ్ళలా ఉందండీ అని చెప్పేది. కొల్లేటికి వచ్చే కొంగల సంగతులు చెప్పేది. లెక్కలు రావడం లేదని ఒకసారి ఏడ్చింది. నేను క్యారియరుకి ఇంకో గిన్నె కొన్నాను. శనివారం వచ్చిందంటే రేపేం వండాలా అని ఆలోచన. వంకాయ కూర దానికి ఇష్టం. స్టేషను బెంచీ మీద తిన్న పెరుగన్నం రోజులు తలుచుకుంటే అవి ఎవరివో అనిపించేవి.

అయితే తింటూ ఊరుకోకుండా, మోచేతులు ఒంటికి ఆనించి పైకి దూకడం ఎలాగో కూడా చెప్పేదాన్ని. డ్రిల్లు టీచర్ని, చెప్పకుండా ఎలా ఉంటాను? అదీ శ్రద్ధగా నేర్చుకుంది. తప్పులు ఐదు నుంచి మూడయ్యాయి, మూడు కాస్తా ఒకటైంది.

ఏడాది చివర్లో ఏలూరు పిల్లలు గూడెం వచ్చారు, మా స్కూలు పిల్లలతో ఆడ్డానికి. మా స్కూలే కాబట్టి ఈలకి ఇంకొకర్ని చూసుకోమన్నాను. ఇంకొకరు ఎక్కడున్నారండీ అన్నారు. సరే. పిల్ల మొదటిసారి నా ఊరొస్తోంది, నా గదిలో కూర్చుని తింటుంది అని పొద్దున్నే బజారుకి పోయి కొర్రమీను తెచ్చి పులుసు పెట్టాను. రెండు కంచాలు తోమి బోర్లించి గ్రౌండుకి వెళ్ళాను.

సగం ఆట అయింది, పిల్ల మీద తప్పు లేదు. మెచ్చుకోవాల్సిన మనిషిని, లోపల ఒకటే గుబులు. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అనుకుంటున్నాను. ఆఖర్న బోర్డు కింద పిల్ల బంతికి దూకింది. పక్క పిల్ల కూడా దూకింది. రెండు చేతులూ ఒక్కచోటికి వెళ్ళాయి. ఈల నా పళ్ళ మధ్య ఉంది. ఊదితే అడిగేవాళ్ళు లేరు. మా స్కూలు వాళ్ళు సంతోషిస్తారు, ఏలూరు తల్లులు ఎలాగూ తిడతారు. కానీ నా కళ్ళు ఇంట్లో పెట్టి రాలేదు కదా. పిల్ల చెయ్యి బంతినే తాకింది, మనిషిని తాకలేదు. ఈల వదిలేశాను, అది గుండెల మీద వేలాడింది.

ఆట అయిపోయింది. పిల్ల చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఒక్క తప్పూ లేదండీ టీచరుగారండీ. చూశారాండీ?"

"చూశానమ్మా."

వెనకాల జట్టు పిల్లలు దాన్ని పిలుస్తున్నారు. టిఫిను పొట్లాలు విప్పుతున్నారు. అది ఒకసారి అటు చూసి, ఇటు నా వంక చూసింది.

"ఇవాళ వాళ్ళతో తినొచ్చాండీ?"

"తప్పేముందమ్మా, వెళ్ళు" అన్నాను.

గదికి వచ్చి ఒక కంచం తీసుకుని, రెండోది బోర్లించే ఉంచాను. చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందంటారు. మర్నాడు కూడా నేనే తిన్నాను.