గొట్టం మైకులో అత్త పిలుపు

నిన్న పొద్దున నేను ఒక అబద్ధం చెప్పాను. అరవై దాటిన మనిషి నోట అబద్ధం రావడం వింతేమీ కాదుగాని, అది చెప్పింది మా మేనత్త కూతురికి, అదీ చనిపోయిన వాళ్ళమ్మ గురించి. పోర్ట్‌బ్లెయిర్ గోల్ ఘర్‌లో మా ఇంటి వెనక గదిలో కూర్చుని, నేను వయసులో ఉండగా ఇంట్లోనే కట్టుకున్న పాటల కేసెట్లను ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటుంటే వండూర్ నుంచి ఆమె ఫోన్ చేసింది. "బావా, అమ్మ గొంతు నీ దగ్గర కేసెట్లో ఉందంట, అక్క చెప్పింది, సచ్ హై క్యా? నాన్న ఈ మధ్య రోజూ అమ్మనే తలుస్తున్నాడు, ఒక్కసారి వినిపిస్తే చాలు" అంది. అక్క అంటే నా భార్య. ఆ మాట వింటున్నప్పుడు ఆ కేసెట్ నా మోచేతి పక్కనే ఉంది. లేదమ్మా, అది ఎప్పుడో బూజు పట్టిపోతే పారేశాను అన్నాను. పోనీలే బావా అని, టిఫిన్ తిన్నావా అని కూడా అడిగి పెట్టేసింది. అప్పట్నుంచి నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

ఎందుకు అలా అన్నానో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. నా ఈడువాళ్ళు ఓపిగ్గా వింటారనే నమ్మకంతో చెబుతున్నాను.

మా వాళ్ళది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. ఈ దీవుల్లో చేపల వేట చేసుకునేవాళ్ళకు చోటిస్తారంటే మా నాన్న ఓడెక్కి వచ్చాడు, ఆయన చెయ్యి పట్టుకుని పరికిణీ కట్టుకున్న మా అత్త దిగిందట. మేం ఇక్కడే జంగ్లీఘాట్‌లో ఉండిపోయాం, అత్తను బస్సు దూరంలోని వండూర్ పల్లెకు ఇచ్చారు. మా ఇంట్లో సముద్రం పడనివాణ్ణి నేనొక్కణ్ణే, చిన్న పడవ, డోంగీ, ఎక్కితే చాలు కడుపులో తిప్పేది. అందుకని చదువు చెప్పించారు, వైర్ల పని నేర్చుకున్నాను, సర్కారు వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా కుదిరాను. నా ఇరవై రెండో ఏట, ఓడలో పనిచేసే మా చిన్నాన్న ఏదో విదేశీ రేవు నుంచి మూరెడు పొడుగున్న ఎలక్ట్రానిక్ కీబోర్డు ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. మీట నొక్కితే దరువు దానంతట అదే మోగుతుంటే మా అమ్మ దాని కిందకి వంగి చూసింది, లోపల ఎవరున్నారో అన్నట్టు.

ఆ రోజుల్లో ఇంట్లో పాట కట్టడమంటే ఎంత తంటా అనేది ఈనాటివాళ్ళకు చెప్పినా తెలియదు. మాది రేకుల ఇల్లు. వాన పడితే రేకుల మోతలో ఏమీ వినపడదు, మన దగ్గర వాన ఎప్పుడు పడదు గనక, రెండు వానల మధ్య దొరికిన పావుగంటలోనే రికార్డింగు. ఉప్పుగాలికి మీటల కింద తుప్పు పట్టేది, దాన్ని ఆపడానికి చెక్కపెట్టెలో చిన్న బల్బు వెలిగించి కీబోర్డును అందులో పడుకోబెట్టేవాణ్ణి. గుడ్లు పొదిగిస్తున్నావా అని మా నాన్న వెక్కిరించేవాడు. ఖాళీ కేసెట్లు మద్రాసు ఓడలో రావాలి, ఓడ ఆలస్యమైతే నా సంగీతమూ ఆలస్యమే. రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానిలో మోగుతున్నదాని మీద ఇంకొకటి వాయించి కలుపుకుంటూ పోయేవాణ్ణి. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ రావాలంటే రెండు జానల టేపు కత్తిరించి, కొసలు అతికించి, ఖాళీ సిరాబుడ్డి చుట్టూ తిప్పేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు, వినేవాళ్ళు కూడా లేరు. అయినా అంత సంతోషం మళ్ళీ ఎరగను.

ఎన్ని దరువులు పేర్చినా నా పాటలో ఒక మనిషి గొంతు కావాలనిపించేది. అది నాకు వండూర్‌లో దొరికింది.

అప్పట్లో అక్కడ ఒడ్డున దీపం ఉండేది కాదు. ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్ళ కింద పగడపు రాళ్ళు బారుగా ఉంటాయి, వాటి మధ్య డోంగీ పట్టేంత సందు ఒక్కటే. పొద్దు వాలే వేళకు మగవాళ్ళు తిరిగొస్తుంటే, ఆ సందుకు నేరుగా ఒడ్డున ఉన్న ఒక బండ మీద నిలబడి ఆడవాళ్ళు పిలిచేవారు. చినుకుల్లో, మసక వెలుతురులో ఆ పిలుపే దారి. ఎవరి పిలుపు వారిది, ఎవరి మొగుడికి వారి గొంతు తెలుసు. ఒకరికి ఒంట్లో బాగులేకపోతే పక్కింటావిడ వాళ్ళాయన్ని కూడా పిలిచిపెట్టేది. మా అత్త పిలుపు కింద మొదలై, మెల్లగా పైకెక్కి, చివర ఒక్కసారి ఒంపు తిరిగి ఆగేది. చేపలు ఎండబెట్టే చోట పొగకి ఆమెకు దగ్గు పట్టుకుంది, పిలుపుకీ పిలుపుకీ మధ్య దగ్గేది.

ఒక ఆదివారం బ్యాటరీ టేప్‌రికార్డర్‌కు ప్లాస్టిక్ సంచి చుట్టుకుని వెళ్ళి ఆమె పక్కన బండ మీద కూర్చున్నాను. "ఏటిరా ఇది? రేపట్నించి మీ మావయ్యని నువ్వు పిలుస్తావేటి, నేనింటికాడ కూకోవచ్చా?" అని నవ్వింది. అడిగినన్నిసార్లు పిలిచింది. ఇంటికొచ్చి, ఆ టేపు మరో టేపు మీదికి ఎత్తుకుని, దగ్గులన్నీ కత్తిరించేసి, బాగున్న ఒక్క పిలుపును సిరాబుడ్డి చుట్టూ తిప్పి దాని కింద దరువు పెట్టాను. నా జీవితంలో నేను కట్టిన మొదటి మంచి పాట అదే.

మరో నెలకు వండూర్‌లో ఒక పెళ్ళి. మైక్‌సెట్ పెట్టడానికి నన్ను పిలిచారు. ఒడ్డుకు ఆ కొసన పందిరి, అత్త నిలబడే బండకు చాలా ఎడంగా. కొబ్బరిచెట్లకు నాలుగు గొట్టం మైకులు కట్టాను, ఒకటి సముద్రం వైపు తిరిగింది. పొద్దు వాలే వేళ మగపెళ్ళివారి లారీ వస్తోందని కబురొస్తే అందరూ ఎదుర్కోలుకు రోడ్డు మీదికి వెళ్ళారు. పందిట్లో నేనొక్కణ్ణే. జేబులో నా పాట ఉంది. ఇంత పెద్ద మైకులో అది ఎలా ఉంటుందో వినాలనిపించింది. సన్నగా తుంపర పడుతుంటే, కళ్ళు మూసుకుని, గుండె నిండా గర్వంతో, రెండుసార్లు వేసుకుని విన్నాను.

గొట్టం మైకు సంగతి పని తెలిసినవాణ్ణి నాకు తెలియాల్సింది. దానిలో దరువు సగం చచ్చిపోతుంది, దూరం పోయేది గొంతొక్కటే. దగ్గరున్న నాకు దరువూ కీబోర్డూ వినపడ్డాయి. నీళ్ళ మీదున్నవాళ్ళకు మా అత్త మాత్రమే వినపడింది.

పెళ్ళివారు పందిరి చేరకముందే ఒడ్డున కేకలు వినిపించాయి. మావయ్య డోంగీ రాళ్ళ మీదెక్కి చీలిపోయింది. ఆయన మోకాలు పడవకీ రాయికీ మధ్య నలిగింది. మగపెళ్ళివారు వచ్చిన లారీలోనే ఆయన్ని పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

అసలు సంగతి నాకు తెలిసింది మర్నాడు ఆసుపత్రిలో. ఫ్లాస్కులో టీ పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను. మావయ్య అత్త వైపు చూడకుండా, "పందిరికాడికెల్లి పిలిస్తే ఎలాగే? రోజూ నిలబడే చోటు మరిసిపోనావా?" అన్నాడు. తాను కదల్లేదని, బండ మీదే ఉన్నానని అంది అత్త. మిగతా ఆడవాళ్ళంతా పెళ్ళి దగ్గరే ఉన్నారు, బండ మీద ఆమెను చూసినవాళ్ళు లేరు. "మరి నాకేటి, సెముడొచ్చిందా?" అన్నాడు. అత్త కూడా ఆ సాయంత్రం పందిట్లో మైకు మోత విన్నది, కానీ ఎవరి గొంతు వారికి యంత్రంలో పరాయిగానే ఉంటుంది, ఆమె పోల్చుకోలేదు. జరిగింది తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. టీ పోసి ఇచ్చి బయటికొచ్చేశాను.

మావయ్య కాస్త కోలుకున్నాక చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చాక అనుకున్నాను. ఆ తర్వాత నా పెళ్ళి మాటలు మొదలయ్యాయి, అవి అయ్యాక అనుకున్నాను. వాయిదా వేసేవాడికి కారణాలకేం తక్కువ. అసలు కారణం నాకు తెలుసు, పిరికితనం. నేనేదో గొప్పవాణ్ణనుకుంటూ కట్టుకున్న ఆ పాటే ఈ పని చేసిందని నలుగురి ముందూ ఒప్పుకోలేకపోయాను.

నేను నోరు మూసుకున్నందుకు అత్త మాట పడింది. పెళ్ళి సంబరం చూడ్డానికి పోయి మొగుణ్ణి రాళ్ళ మీదికి పిలిచిన మనిషి అని వండూర్ ఆడవాళ్ళు ముఖం మీదే అన్నారు. ఆ తర్వాత తమ మగవాళ్ళను పిలిచిపెట్టమని ఆమెను ఎవరూ అడగలేదు. మావయ్య మళ్ళీ వేటకు పోలేదు, వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. అత్త గంప నెత్తినెత్తుకుని పొద్దున్నే బస్సులో పోర్ట్‌బ్లెయిర్ వచ్చి చేపలమ్మేది. దారిలో మా ఇంటి దగ్గర దిగి మంచినీళ్ళు తాగి, నాకు మంచి చేప ఏరి పెట్టి, కొత్త పాటలేవైనా కట్టావా అని అడిగేది. రెండుసార్లు చెప్పబోయాను. రెండోసారి నా కంటే ముందు ఆమే అంది: "ఏమోరా, మనిసికి ఒక్కోపాలి తనెక్కడ నిలబడిందో తనకే తెలీదేమో. నేనే పందిరికాడికెల్లానేమో." చెయ్యని తప్పును ఆమె నమ్మడం మొదలుపెట్టింది. నేను చేప గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆమె పోయి ఇరవై ఏళ్ళవుతోంది.

ఆ తర్వాత కూడా ఇంట్లో పాటలు కడుతూనే ఉన్నాను. కీబోర్డులు మారాయి, కేసెట్లు పోయి కంప్యూటర్ వచ్చింది, ఇప్పుడు ఒక్క మీట నొక్కి లోకానికి వినిపించవచ్చు. కానీ మళ్ళీ ఏ పాటలోనూ మనిషి గొంతు పెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచాను. కేసెట్లు రెండూ, అత్త పిలిచిన అసలుదీ నా పాటదీ, పాత టేప్‌రికార్డర్‌తో సహా సంచిలో వేసుకుని వండూర్ బస్సెక్కాను. మావయ్య అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. మరదలు గుమ్మంలో నిలబడింది. ముందు పొద్దున చెప్పిన అబద్ధం ఒప్పుకున్నాను, తర్వాత మిగిలింది. ఎక్కడా నన్ను నేను కాపాడుకునే మాట రాకుండా చెప్పడానికి ప్రయత్నించాను. పాట వినిపించాను.

ఆయన చేతిలోని వల అల్లే కండె పక్కన పెట్టాడు. "ఆ రోజు పిలుపు అన్నిపాల్లూ ఒక్కలాగే ఉండీదిరా అల్లుడా. దగ్గు నేదు, ఊపిరి తీసుకోడం నేదు. పెల్లికి తొందరై కోపంగా పిలస్తందనుకున్నాను. ఇంకా కోపం తెప్పించడం దేనికని సుట్టు తిరక్కుండా ఆ గొంతుకేసే అడ్డంగా వచ్చీసినాను" అన్నాడు. మళ్ళీ, "సచ్చిపోయినదాకా దాన్నే అన్నాను గదరా" అన్నాడు. నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

అసలు టేపు పెట్టాను. అత్త పిలిచింది, దగ్గింది, మళ్ళీ పిలిచింది. మధ్యలో, నీళ్ళలోకి ఎల్లకే, ఒసే, నిన్నే అని ఎవర్నో కసిరింది. ఆ కసురు తిన్నది మూడేళ్ళ మా మరదలు. అప్పటిదాకా నా ముఖం చూడకుండా నిలబడ్డ మనిషి వచ్చి టేప్‌రికార్డర్ పక్కన నేల మీద కూర్చుంది. "ఇంకోసారి పెట్టు" అంది. బావా అని మాత్రం అనలేదు.

నేను లేవబోతుంటే మావయ్య గడ్డంతో వీధి వైపు చూపించి, "నాతో చెప్పీసినావు, అచ్ఛా. మరి ఆళ్ళతో?" అన్నాడు.

వెళ్ళాను. ఆనాటి ఆడవాళ్ళు అక్కడ ముగ్గురే మిగిలారు. మొదటావిడకు చెవులు వినపడవు, కోడలి చేత గట్టిగా చెప్పించాను. రెండో ఆవిడ అంతా విని, "మేమేటన్నామో మాకే గురుతు నేదు నాయనా" అంది. మా అత్తను జీవితమంతా కోసిన మాట, అన్నవాళ్ళకు గుర్తే లేదు. మూడో ఆవిడ, మరి అది బతికుండగా సెప్పలేదేటి అని అడిగింది. ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

బస్సు కోసం నిలబడి చూస్తే జెట్టీ నిండా దీపాలు. డోంగీలకు ఇంజన్లు, చేతిలో ఫోనే దారి చూపిస్తుంది, సునామీ తర్వాత నేల కుంగి ఆ బండ కూడా నీళ్ళలోకి పోయింది. ఎవరూ రాళ్ళ మీదెక్కడం లేదు, అది మంచిదే. కానీ సాయంత్రం వేళ ఒక మనిషిని ఇంకో మనిషి గొంతెత్తి ఇంటికి పిలుచుకునే ఊరు అది, ఇప్పుడు అంతా నిశ్శబ్దంగా వచ్చి నిశ్శబ్దంగా పడవలు కట్టేసుకుంటున్నారు.

ఆ రోజుల్లో వండూర్‌లో ఉండి, తర్వాత పెళ్ళిళ్ళై, ఉద్యోగాలై అటు విశాఖపట్నానికీ ఇటు ఉత్తర దీవులకూ వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ గుమ్మాలకు నేను వెళ్ళలేను, అందుకే ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా ఇది చదివితే, ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. ఆ పెళ్ళినాటి సాయంత్రం మా అత్త బండ మీదే నిలబడి ఉంది. అక్కణ్ణుంచే పిలిచింది.