వరసమ్మ సర్దిన లోడు

ఆవిణ్ణి వీధి వీధంతా వరసమ్మ అంటుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాన్ని కట్టుకున్నవాడే మర్చిపోయాడు. ఆ ఇంట్లో ఏ వస్తువు చోటు దానిదే. గుమ్మం దగ్గర చెప్పులు కూడా చిన్నా పెద్దా చూసుకుని నిలబడాలి. ఆ బిరుదు తగిలించిన మొగుడుగారికి ఊళ్లోవాళ్లు ఇచ్చిన బిరుదు తొందరబాబు. అన్నం ఉడక్కముందే చెయ్యి కడుక్కుని కూర్చునే రకం, ఎదుటివాడు అడగకముందే జవాబు చెప్పే రకం. ఏరికోరి ఈ ఇద్దరికీ ముడిపెట్టిన పెద్దల్ని మెచ్చుకోవాలి. అయినా పదకొండేళ్లు ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూ హాయిగానే బతికారు.

వాళ్లది కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. రెండు వందల ప్లాస్టిక్ కుర్చీలు, మడతబల్లలు, ఒక జనరేటర్. ఎవరింట్లో ఏ కార్యం జరిగినా కారు వెనక ట్రెయిలర్ తగిలించి, సామానంతా అందులో వేసుకుని తొందరబాబు బయల్దేరేవాడు.

పోయిన ఏడాది పొరుగూరికి లోడు తీసుకెళ్తూ, దిగుడు రోడ్డులో పోయాడు. ట్రెయిలర్ అటూ ఇటూ ఊగిందట, కారుని కూడా లాక్కుంటూ రోడ్డు దిగి దొర్లిందట. పోలీసులు వచ్చేసరికి కుర్చీలు పొలం నిండా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. లోడులో ఏది ఎక్కడుందో ఎవరు చూశారు? మనిషి పేరే తొందరబాబు కదా, ఇంక వేరే కారణం వెతకడం దేనికి? స్పీడే చంపిందని వీధి తేల్చేసింది, స్టేషన్లోనూ అదే రాశారు. మన వీధులకి తీర్పు చెప్పడం ఎంతసేపు!

అందరికన్నా గట్టిగా నమ్మింది కన్నతల్లి. కొడుకు పోయాడని ఆవిడ ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. రోజూ పొద్దున్నే షెడ్డులో కుర్చీలు తుడుస్తూ తిట్టేది. "నిమ్మళంగా పోరా అంటే విన్నాడా? ముదనష్టపువాడు! పెళ్లాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టి పోయాడు." ఆ తిట్లతోనే వరసమ్మకి తెల్లవారేది.

వరసమ్మ గుండెల్లో ముల్లు వేరే ఉంది. ఆ రోజు దిగుడు మొదలయ్యే చోట టీ కోసం ఆగి ఆయన ఫోన్ చేశాడు. "నువ్వు చెప్పినట్టే అరవై దాటట్లేదు వరసమ్మా, ఒట్టు" అన్నాడు. ఆ తర్వాత పావుగంటకి మనిషి లేడు. తనతో ఆయన ఆఖరుగా అన్న మాట అబద్ధమా? ఏడాదిగా ఆవిడ నిద్రలో కూడా అడుగుతున్నది ఆ ఒక్క ప్రశ్నే.

బండి బాగుచేయించినా, అద్దె డ్రైవర్లు వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. ఇల్లు గడవాలంటే తనే నడపాలి. కారు నడపడం వచ్చినా, ట్రెయిలర్ లాగాలంటే లైసెన్సుకి వేరే పరీక్ష పాసవ్వాలి. అందుకని ఊరి చివర మైదానంలో నేర్పే కోన్ల మాస్టారి దగ్గర చేరింది. నేల మీద నారింజరంగు కోన్లు నిలబెట్టి, వాటి మధ్య బండి తిప్పిస్తాడు కాబట్టి ఆయనకా పేరు. చేరినవాళ్లు ఐదుగురు, ఆడమనిషి తనొక్కతే.

మొదటి మూడు రోజులూ ఆవిడ పాట్లు పగవాళ్లకి వద్దు. వెనక్కి పోనిచ్చేటప్పుడు స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రెయిలర్ ఎడమకి పోతుంది. మొండి మొగుడే నయం.

"అమ్మా, ఇప్పటికి పదకొండు కోన్లని పొట్టన పెట్టుకున్నారు" అన్నాడు మాస్టారు. "స్టీరింగ్ పైన కాదు, కింద పట్టుకోండి. ట్రెయిలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. కొంచెం కొంచెంగా. తేడా వస్తే ఆగి, ముందుకొచ్చి, మళ్లీ మొదలెట్టండి. ఇక్కడ తొందరేం లేదు."

ఆ ఆఖరి మాట ఆవిడకి చురుక్కుమంది. కానీ నాలుగో రోజుకి చెయ్యి కుదిరింది. కొక్కెం సరిగా పడిందా, గొలుసులు తగిలించామా, వెనక లైట్లు వెలుగుతున్నాయా, అన్నీ వరస తప్పకుండా చూసుకునేది. "పరీక్షలో మీరే ఫస్టు" అన్నాడు మాస్టారు.

ఏడో రోజు ఆయన షెడ్డులోంచి పాత నడక యంత్రం ఒకటి ఈడ్చుకొచ్చాడు. ఇంట్లోనే నడవడానికి కొనుక్కుంటారే, పట్టా తిరిగేది, అదే. దాని మీద బొమ్మకారుని ముందు కమ్మీకి దారంతో కట్టి, వెనక బొమ్మ ట్రెయిలర్ తగిలించాడు. ట్రెయిలర్ ముందు భాగంలో ఇనపబోల్టు ఒకటి వేసి యంత్రం తిప్పాడు. బొమ్మ తిన్నగా పరిగెత్తింది. వేలితో పక్కకి తోసినా తనే సర్దుకుంది.

"ఇప్పుడు చూడండి. స్పీడు మార్చట్లేదు" అంటూ అదే బోల్టుని తీసి ట్రెయిలర్ వెనక అంచున పెట్టాడు. వేలితో కాస్త తాకాడంతే. ట్రెయిలర్ ఊగడం మొదలెట్టింది. అటూ ఇటూ, ఇంకా ఎక్కువగా, కారుని కూడా ఊపేస్తూ, చివరికి రెండూ బోర్లాపడి కింద దొర్లాయి. మిగతా నలుగురూ పకపకా నవ్వారు. వరసమ్మ వంగి ఆ బోల్టుని చేతిలోకి తీసుకుంది.

మొదట్లో తొందరబాబు జనరేటర్ని ట్రెయిలర్ మధ్యలో, సరిగ్గా చక్రాల పైన పెట్టేవాడు. తీరా చేరాక, ముందు కావాల్సింది అదే. దాన్ని దింపాలంటే నలభై కుర్చీలు దించాలి. ఆయన విసుక్కోవడం చూడలేక, ఆయన పోవడానికి మూడు నెలల ముందు వరసమ్మే లోడు వరస మార్చింది. ముందు దిగేది చివర ఎక్కాలి. జనరేటర్ వెనక తలుపు దగ్గరికొచ్చింది. అరగంట పని ఐదు నిమిషాలైంది. "నీ బుర్రే బుర్ర!" అని ఆయన మురిసిపోయాడు. ఊళ్లో చిన్న చిన్న దూరాలకి ఏమీ కాలేదు. ఆ లోడుతో పెద్దరోడ్డు ఎక్కింది ఆ ఒక్క రోజే.

అందరూ వెళ్లాక మాస్టారిని అడిగింది. "అరవైలో పోతే కూడా ఇలా అవుతుందా అండీ?"

"దిగుడు రోడ్డయితే అరవై చాలమ్మా. అప్పుడు బ్రేకు తొక్కారంటే మరీ ప్రమాదం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి." ఆవిడ మొహం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "చాలామందికి తెలీదమ్మా."

ఆయన ఒట్టు నిజం. ఏడాదిగా వెతుకుతున్న జవాబు దొరికింది, అది తన చేతుల్లోనే ఉంది. ఇంటిదాకా ఎలా నడిచిందో ఆవిడకే తెలీదు. మనసు చెప్పొద్దంది. ఎవరికి తెలుస్తుంది, పోయినవాడు ఎలాగూ పోయాడు అంది. చెప్పకపోతే మాత్రం ఆ తల్లి రేపు పొద్దున కూడా తిడుతుంది. అది వినే ఓపిక ఇంక తనకి లేదు.

అత్తగారు షెడ్డులో కుర్చీలు తుడుస్తోంది. వరసమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని ఏదీ దాచకుండా చెప్పేసింది. బోల్టు సంగతి, జనరేటర్ సంగతి, ఎవరు మార్చారో ఆ సంగతి.

అత్తగారు తుడవడం ఆపేసింది. చేతిలో తడిగుడ్డ కారి చీర తడిసిపోతోంది.

"అయితే వాడు స్పీడుగా పోలేదా?"

"పోలేదత్తయ్యా. నాకు నిజమే చెప్పారు."

"బరువు వల్లేనని వాడికి తెలిసిందా?"

వరసమ్మ తిట్లకి సిద్ధపడి వచ్చింది గానీ ఈ ప్రశ్నకి కాదు. "తెలీదు. ఎందుకు ఊగుతోందో తెలిసుండదు. తనే ఏదో తప్పు చేశాననుకుని..."

"అంటే వాణ్ణి వాడే తిట్టుకుంటూ పోయాడు" అంది పెద్దావిడ. "నేనూ వాణ్ణే తిట్టాను. ఏడాదిపాటు, రోజూ, నా కన్నకొడుకుని."

అప్పుడు ఏడ్చింది. ఏడాదిగా దాచుకున్న ఏడుపు, కుర్చీ పట్టుకుని, వంగిపోయి, ఊపిరాడకుండా ఏడ్చింది. వరసమ్మ ఆవిడ కాళ్లు పట్టుకుంది.

"నన్ను తిట్టండత్తయ్యా. మీకు పుణ్యముంటుంది, నన్ను తిట్టండి."

అత్తగారు తల అడ్డంగా ఊపింది.

"తిట్లన్నీ వాడికే అయిపోయాయే తల్లీ. నీకేం మిగల్లేదు."