ఒక్కపొద్దుల పిల్ల

మా ఆఫీసు గోడ అవతలే బడి. మధ్యాహ్నం గుడ్లు ఉడికిన వాసన కిటికీలోంచి వస్తే నాకు ఆకలి, సిగ్గు ఒకేసారి పుడతాయి. వెంటనే సుశీల టీచర్ గుర్తొస్తారు.

మేము యానాదులం. ఒంగోలు దగ్గర పల్లెలో మా నాన్న రైతుల పొలాల్లో ఎలుకలు పట్టేవాడు. ఏడో తరగతిలో ఒకరోజు భోజనాల వరసలో నా పక్కపిల్ల పళ్ళెం తీసుకుని లేచిపోయింది. "ఎలకలు తినేదాని పక్కన నేను తినలేనమ్మా" అంది. అందరూ నా నోటివైపు చూశారు. అప్పటినుంచీ ఎవరైనా చూస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు. మిరపకోత నుంచి వచ్చి మండే చేతులతో అమ్మ వండిన కూరను కూడా పక్కకు నెట్టేసేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

తప్పించుకోవడానికి శనివారం ఒక్కపొద్దు అన్నాను. తరవాత సోమవారం, శుక్రవారం కూడా. మాకు తెలుగు చెప్పే సుశీల టీచర్ మురిసిపోయారు. "చూడండర్రా, ఈ పిల్లకున్న భక్తి మీలో ఒక్కరికైనా ఉందా?" అని నన్ను క్లాసులో నిలబెట్టారు. పుట్టి బుద్ధెరిగాక నాకు దొరికిన మొదటి మెప్పు అది. పోతుందేమోనన్న భయంతో మిగతా రోజులూ తినడం మానేశాను.

ఒక బుధవారం ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయాను. స్టాఫ్ రూములో మంచినీళ్ళు తాగించి టీచర్ అడిగారు.

"ఇవాళ ఏ దేవుడికమ్మా?"

నాకు ఏ దేవుడూ తోచలేదు. "నేను తింటుంటే అందరూ చూస్తారు టీచర్" అని ఏడుస్తూ ఆ ఎలకల మాటా చెప్పేశాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "నువ్వు మాడుతుంటే మెచ్చుకున్నానే తల్లీ" అన్నారు.

మర్నాడు నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని తినమని బతిమాలారు. ముద్ద దిగలేదు. ఆవిడ కుర్చీ కిటికీవైపు తిప్పుకుని తన డబ్బా తను తిన్నారు. ఆ వీపు వెనక నేను గుడ్డన్నం తిన్నాను. పదో తరగతి అయ్యేదాకా అలాగే సాగింది. నన్ను అంత మాటన్న పిల్లని మాత్రం ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆ కోపం నాకింకా ఉంది. అయినా నేను బతికిందీ, చదివిందీ ఆ అన్నంతోనే.

ఆవిడ మా ఇంటికి కూడా వచ్చారు. "అది తింటున్నప్పుడు చూడకమ్మా" అని అమ్మకు చెప్పి వెళ్ళారు. అమ్మ ఆ మాట తప్పలేదు. ఇన్నేళ్ళుగా నాకు వడ్డించి బయటికి వెళ్ళిపోతుంది.

మొన్న ఊరు వెళ్ళినప్పుడు, "ఉండమ్మా, కూచో" అన్నాను.

"చూడన్లే, నువ్వు తిను" అంటూ అమ్మ గోడవైపు తిరిగి కూచుంది.

చూడమ్మా అని అనబోయాను. నోరు రాలేదు.